జూలై ఒకటిన పుట్టిన పైలట్

నేను విమానం నడిపాను. నలభై గంటలు. కృష్ణ మీద బ్యారేజీకి అడ్డంగా ఒకసారి, తలకిందులుగా ఇంకోసారి. మా నాన్న నా పుట్టినతేదీ తప్పు రాయకపోయుంటే పెద్ద పెద్ద విమానాలు దింపి, తెల్లచొక్కా భుజాల మీద నాలుగు బంగారు గీతలతో రిటైరై ఉండేవాణ్ణి. తెనాలిలో నన్నెరిగిన ఎవర్నైనా అడగండి, ఇదే చెప్తారు. బాపట్లలో అడిగితే గంటలు కాస్త తగ్గుతాయి, పన్నెండో పాతికో అంటారు. అక్కడున్న మొదటి రోజుల్లో నాకింకా అంత ధైర్యం రాలేదు మరి. రేపల్లెలో మాత్రం గంటల సంగతి ఎవరికీ పట్టదు. వాళ్లకి గుర్తున్నది ఒక్కటే. మాస్టారు సొంత కొడుక్కే వయసు తప్పు రాసి వాడి బతుకు పాడుచేశాడు.

ఆ చివరి ముక్క కోసమే ఇది రాస్తున్నాను. మిగతా అబద్ధాల వల్ల ఎవరికీ నష్టం లేదు. విన్నవాళ్లు సుఖపడ్డారు, చెప్పిన నేనూ సుఖపడ్డాను. ఆ ఒక్కటి మాత్రం ఒక మనిషి పేరు మీద ఎక్కి కూర్చుంది. ఆయన పోయి పాతికేళ్లు దాటింది, ఇంకా దిగలేదు. ఎక్కించింది నేనే కాబట్టి దించాల్సిందీ నేనే.

ఎనభైల మొదట్లో నేను తెనాలిలో బీయస్సీ చదివేవాణ్ణి. రోజూ రేపల్లె నుంచి పాసింజరులో వెళ్లి రావడం. ఒక ఏడు వరికి దోమపోటు తగిలి వేమూరు చుట్టుపక్కల పొలాలకి విమానంతో మందు కొట్టించారు. చిన్న విమానం, లోపల ఒక్కడే మనిషి. తాటితలలు తగుల్తాయేమో అన్నంత కిందుగా వచ్చేది. మందు ఎక్కడిదాకా పడిందో పైనున్నవాడికి తెలియాలి కాబట్టి గట్ల మీద తెల్లజెండాలు పట్టుకుని కూలీలు నిలబడేవారు. విమానం నెత్తి మీంచి దాటగానే కొన్ని అంగలు పక్కకి జరగాలి. కాలేజీ ఎగ్గొట్టి నాలుగు రోజులు నేనూ జెండా పట్టాను. నాలుగో రోజున పైలట్ నన్ను చూసి చెయ్యూపాడు. ఆ చెయ్యి చూసే నేను పైలట్‌ని కావాలనుకున్నాను.

నలభై ఏళ్లుగా ఇలాగే చెప్తున్నాను. అతను చెయ్యూపలేదు. ఊపింది నేను. అతను మందు మీట నొక్కాడు, నేను నెత్తి నుంచి పాదాల దాకా తడిసి రెండు రోజులు వాంతులు చేసుకున్నాను. అయినా పైలట్‌ని కావాలనుకున్న మాట నిజం. గట్టు మీద బురదకాళ్లతో నిలబడ్డవాడికి, ఒక మనిషి అంత శుభ్రంగా, అంత జోరుగా, కింద ఎవరికీ సమాధానం చెప్పకుండా పోతుంటే ఇంకేం అనిపిస్తుంది?

పైలట్ కావడానికి ఆ రోజుల్లో నాకు తెలిసినవి మూడు దారులు. ఒకటి మిలటరీ విమానాలు. దానికి అమ్మ ఒప్పుకోలేదని చెప్తుంటాను. అమ్మ ఒప్పుకుంది, రాతపరీక్షే రెండుసార్లు తప్పాను. రెండోది డబ్బున్నవాళ్లది, హైదరాబాదులో ఫ్లయింగు క్లబ్బులో చేరి సొంత ఖర్చుతో నేర్చుకోవడం. అది మాకు కుదిరేది కాదు. మూడోది అదే క్లబ్బులో ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే సీటు. దానికి లెక్కలు, ఫిజిక్సు చదివుండాలి, కళ్లు బాగుండాలి, వయసు దాటకూడదు. నాకు కళ్లున్నాయి, ఫిజిక్సు ఉంది. దరఖాస్తు పెడితే తిరిగొచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్టు ప్రకారం నాకు వయసు దాటిపోయిందట.

అసలు వయసు ప్రకారం దాటలేదు. ఏడాది పైనే ఉంది. ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి.

నాన్న రేపల్లెలో ఒక మిషన్ బడిలో ఒకటో తరగతి మాస్టారు. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం గుడిలో పిల్లలకి పాటలు నేర్పేదీ ఆయనే, సోమవారం బడిలో వాళ్లకే అఆలు దిద్దించేదీ ఆయనే. జూన్‌లో బడి తెరవగానే తల్లులు పిల్లల్ని రెక్క పుచ్చుకుని తెచ్చేవారు.

“ఎప్పుడు పుట్టాడమ్మా?”

“కాలవకట్ట తెగిందే, ఆ ఏడండి. కోతలప్పుడండి.”

నాన్న ఆ పిల్లాడి కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకోమనేవాడు. అందితే అయిదు నిండినట్టు. రిజిస్టరులో జూలై ఒకటి అని రాసేవాడు. మా బడిలో సగంమంది జూలై ఒకటిన పుట్టినవాళ్లే. ఒక్కరోజున అంతమందిని కన్న ఊరు ఇంకెక్కడా ఉండదనుకుంటాను. ఎవరికీ అదో తప్పని తెలియదు. తేదీ అనేది పిల్లాడికి బడిలో ఇచ్చే పలక లాంటిది, అంతే.

నేను చేరిన ఏడు ఒకటో తరగతిలో పిల్లలు తగ్గారు. ఇన్‌స్పెక్టరు వచ్చి తలలు లెక్కపెట్టి, ఒక్కటి తగ్గినా సెక్షను ఎత్తేస్తానన్నాడు. సెక్షను పోతే మాస్టారు ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో నాలుగేళ్లు కూడా నిండని నేనున్నాను. నాన్న నన్ను ఎత్తుకెళ్లి వరసలో నిలబెట్టాడు. నా చెయ్యి చెవికి అందలేదు. ఆయన నా తల కాస్త వంచాడు. అందింది. అసలు పుట్టింది నవంబరులో అయితే, దానికి ముందేడు జూలై ఒకటి పడింది నాకు.

“ఇప్పుడేం చేద్దాం?” అంది అమ్మ, తిరిగొచ్చిన దరఖాస్తు చూసి. ఆవిడ మంత్రసాని. పుట్టుకలన్నీ ఆవిడ చేతుల మీదే జరిగేవి, తేదీ మాత్రం నాన్న చేతుల్లో ఉండేది. దాని మీద వాళ్లిద్దరికీ ఎప్పుడూ వేళాకోళాలు నడిచేవి. ఆ రోజు మాత్రం ఆవిడ వేళాకోళమాడలేదు.

“గుడి రిజిస్టరు ఉందిగా,” అన్నాడు నాన్న.

నిజమే. పుట్టిన నెలలోనే నాకు బాప్తిస్మం ఇచ్చారు, ఆ పుస్తకంలో అసలు తేదీ పాదిరిగారి దస్తూరీతో ఉంది. ఆ పుస్తకం పట్టుకుని మునసబు కోర్టులో ప్రభుత్వం మీద దావా వేశాం. వాది నేను. సాక్షి నాన్న. తప్పు రాసింది తానేనని, తెలిసే రాశానని ఆయన ప్రమాణం చేసి చెప్తే తప్ప దావా నిలవదన్నాడు మా ప్లీడరు. అప్పటికి వచ్చే జూన్‌లో నాన్నకి హెడ్మాస్టరు పని ఖాయమని అందరూ అనుకుంటున్నారు.

“మాస్టారూ, ఆలోచించుకోండి. ఇది డిపార్టుమెంటు దాకా పోద్ది,” అన్నాడు ప్లీడరు.

“పోనీండి,” అన్నాడు నాన్న.

కోర్టు నిండా జనం. ఎదుటి ప్లీడరు మంచి వేడి మీదున్నాడు.

“ఒకటో తరగతి ఎన్నేళ్లుగా చెప్తున్నారు మాస్టారూ?”

“ఇరవై రెండేళ్లండి.”

“ఈ తేదీ మీ దస్తూరీయేనా?”

“అవునండి.”

“అబద్ధమని తెలిసే రాశారా?”

“తెలిసే రాశానండి.”

“ఇంకెంతమందికి ఇలా రాశారు?”

నాన్న వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు. “తేదీ తెలిసి వచ్చినోళ్లకి తెలిసిందే రాశానండి. తెలియనోళ్లకి జూలై ఒకటి రాశానండి.”

“అందరికీ జూలై ఒకటేనా?”

“కొందరికి జూన్ కూడా ఇచ్చానండి.”

కోర్టంతా గొల్లుమంది. మునసబుగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనిది బెంచి క్లర్కు ఒక్కడే. అతనిదీ జూలై ఒకటే, రాసింది నాన్నే. ఆ సాయంత్రానికి ఊళ్లో సగంమంది మా వాకిట్లో ఉన్నారు. “మాస్టారూ, నా జోలికి రాకండి, నాకింకా ఎనిమిదేళ్లు సర్వీసుంది” అని ఒకడు. “నన్ను కోర్టుకి పిలుస్తారంటండీ?” అని ఇంకొకడు. నాన్న అందరికీ కుర్చీలేసి, మీ తేదీలకేం భయంలేదని చెప్పి పంపించాడు. తన సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. జూన్ వచ్చింది. ఆయన చేతికి మెమో వచ్చింది. హెడ్మాస్టరు కుర్చీ ఆయన దగ్గరే పని నేర్చుకున్న చిన్న మాస్టారికి పోయింది.

తీర్పు మాత్రం నాకు అనుకూలంగా వచ్చింది. మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ అయ్యాక వేసిన జాబితాలో అందరికంటే మొదట నా పేరే ఉంది. ఇదీ నిజమే, కాకపోతే అది వెయిటింగు లిస్టు. ఎంపికైనవాళ్లలో ఒకడికి చెవిలో ఏదో దోషం తేలి ఆగిపోతే ఆ సీటు నాకొచ్చింది. ఆదివారం గుడిలో పాదిరి అయ్యగారు నన్ను ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఊళ్లో పైలట్ అన్న మాట ఆ రోజే మొదలైంది. ఇంకా రైలే ఎక్కలేదు.

హైదరాబాదులో ఆ క్లబ్బు విమానం చూసి నాకు మొదట నవ్వొచ్చింది. రెండు సీట్లు. రెక్కల మీద రేకు అనుకున్నాను, తడితే గుడ్డ. గుడ్డ మీద రంగు పూశారు. నేర్పే ఆయన మిలటరీలో చేసి వచ్చిన మనిషి, మీసాలు తెల్లబడ్డాయి, తెలుగు ముక్క రాదు. పొద్దున్నే గాలి లేని వేళ ఎగరాలి. మొదటి రోజు ఊరికే తిప్పి చూపించాడు. రెండో రోజు విమానాన్ని తిప్పే కర్ర నా చేతికిచ్చి తిన్నగా పోనిమ్మన్నాడు, పోనిచ్చాను. మూడో రోజు మలుపులు. బాగా చేస్తున్నావన్నాడు. ఇందులో పెంచింది ఏమీ లేదు, నిజంగానే అన్నాడు. ఆ మూడు రోజులూ నా బతుకులో ఎవరికీ బాకీ లేని రోజులు. చెరువులు కింద పగిలిన అద్దం ముక్కల్లా కనబడేవి.

నాలుగో రోజు ఆయన చెప్పాడు: విమానాన్ని కావాలనే పడనిచ్చి మళ్లీ లేపడం నేర్పుతాను, ఇది రాకపోతే ఒంటరిగా పంపను. ముక్కు పైకెత్తమన్నాడు. ఎత్తాను. ఇంజను తగ్గించాడు. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. చప్పుడు పోయింది. సీటు కింద సన్నగా వణుకు మొదలైంది, ఆ వణుకు విమానానిదో నాదో తెలియలేదు. తర్వాత ఒక్కసారిగా ముక్కు వాలిపోయింది, అద్దం నిండా నేల.

అప్పుడు చేయాల్సింది చిన్న పని. కర్ర ముందుకి వదలాలి. వదిలితే వేగం పుంజుకుని రెక్కలు మళ్లీ గాలిని పట్టుకుంటాయి. పుస్తకంలో చదివాను, ముందురోజు చీటీ మీద రాసుకున్నాను కూడా. నేను కర్రని రెండు చేతులతో పొట్టకేసి లాక్కుని పట్టుకున్నాను. ఆయన వదలమని అరిచాడు. వినబడుతోంది, అర్థమవుతోంది, చేతులు మాత్రం నావి కావు. రెండోసారి అరిచాడు. మూడోసారి చేతిలో ఉన్న రాత అట్టతో వేళ్ల మీద గట్టిగా కొట్టాడు. అప్పుడు ఊడాయి. ఆయన విమానాన్ని లేపి, తీసుకొచ్చి దింపాడు.

నన్ను తీసేశారని మీరనుకుంటారేమో. తీసేసి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఆయన దిగి సిగరెట్టు వెలిగించుకుని, “అందరికీ ఒకసారి అవుతుంది. రేపు ఆరింటికి రా,” అన్నాడు ఇంగ్లీషులో. భుజం కూడా తట్టాడు. మర్నాడు ఆరింటికి నేను గదిలో మంచం మీద కూర్చుని షూ లేసులు కట్టుకున్నాను. విమానం లేచిన చప్పుడు వినబడింది. లేసులు విప్పాను. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు పెట్టె సర్దుకుని సికింద్రాబాదు స్టేషనుకి బస్సెక్కాను. నేను గాల్లో ఉన్నది మొత్తం రెండు గంటల పది నిమిషాలు.

రేపల్లెలో పదిగంటల బండి దిగి ఇంటికెళ్తే అమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

“ఏంటిరా, సెలవులిచ్చారా?”

“వయసు మీద మళ్లీ అభ్యంతరం పెట్టారమ్మా. కోర్టు కాయితం చెల్లదంట.”

రైల్లో అనుకున్న మాట కూడా కాదది. ఆ క్షణాన నోట్లోకొచ్చింది. అమ్మ చేట కిందపెట్టి నాన్న వైపు తిరిగింది.

“విన్నారా? చల్లగా ఉందా ఇప్పుడు? ఎవడి పిల్లలకో రాసినట్టు మన పిల్లాడికీ రాసి పారేశారు. నేను పొద్దు చూసుకుని కన్నాను వాణ్ణి!”

నాన్న బీరువాలోంచి తీర్పు నకలు తీశాడు. “ఎందుకు చెల్లదు? మునసబుగారి ముద్ర ఉంది. పద, రేపటి బండికి నేనూ వస్తాను, చూపిద్దాం.”

“వద్దు నాన్నా. లాభం లేదు.”

ఆయన కాయితం చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. ఇరవై నాలుగేళ్లు ఒకటో తరగతి చెప్పిన మనిషి ఆయన అప్పటికి. కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్లాణ్ణి చూసి నొప్పి ఏది, లెక్కల భయం ఏది, ఇట్టే చెప్పేసేవాడు. ఆ రోజు మాత్రం కాయితం మడిచి లోపల పెట్టేశాడు.

వారం తర్వాత ఆదివారం గుడి నుంచి కాలవగట్టు మీద నడిచి వస్తున్నాం. అమ్మ ఆయనతో మాటలు మానేసింది, అందుకని ముందు వెళ్లిపోయింది.

“క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చిందిరా. బడికొచ్చింది,” అన్నాడు.

నేను నడుస్తూనే ఉన్నాను.

“వయసు గొడవేం లేదంట. నువ్వే రావట్లేదంట. పదిహేను రోజులు చూసి సీటు ఇంకొకరికిస్తారంట.”

కాలవలో పడవ ఒకటి గడ్డి మోసుకుపోతోంది. అది దాటిపోయేదాకా ఆగి అడిగాడు.

“భయమేసిందా?”

“లేదు.”

“ఊఁ.”

“అవును నాన్నా. కర్ర వదల్లేకపోయాను.”

“ఇంకోసారి వెళ్లి చూడకూడదూ? నేనొస్తాను తోడు. గేటు బయట కూర్చుంటాను. ఒకటో తరగతి పిల్లలకి మొదటివారం తల్లుల్ని అలాగే కూర్చోబెడతాం. వారం పోయాక వాళ్లకే గుర్తుండదు.”

నాకు ఇరవై ఒకటి నిండలేదు. ఆ వయసులో అంతకంటే పెద్ద అవమానం ఉంటుందా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, నా బతుకులో ఎవరైనా నాకు ఇస్తానన్న వాటిలో అంత పెద్దది ఇంకొకటి లేదు. వద్దన్నాను.

“సరే అయితే.”

“అమ్మకేం చెప్దాం?”

“ఏం చెప్తాం, వయసనే ఉండనీ. ఎలాగూ నేను రాసిందేగా, కోర్టులో ఒప్పుకున్నాను కూడాను. కొత్తగా పోయేదేముంది?”

ఉత్తరం లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు. అమ్మ మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడినా పోయేదాకా ఆ ఎత్తిపొడుపు మానలేదు. అన్నం కాస్త మాడినా, “నా చేత్తో జరిగితే మాడు, మీ చేత్తో జరిగితే కోర్టు” అనేది. ఆవిడకి నిజం తెలియదు. నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంతవరకు నన్ను క్షమించవచ్చు. భయం ఎవరికైనా వేస్తుంది, కన్నతండ్రి గొడుగు పడితే దాని కింద నిలబడటం పెద్ద నేరమేమీ కాదు. కానీ నేను ఊరుకోలేదు. దాన్ని కథ చేశాను.

బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పాను అంటుంటాను. చెప్పలేదు, ల్యాబులో సామాన్లు అందించేవాణ్ణి. అక్కడ సాయంత్రాలు టీ కొట్టు దగ్గర చేరినవాళ్లకి నా కథ బాగా నచ్చింది. నచ్చేకొద్దీ పెరిగింది. రెండు గంటలు పన్నెండయ్యాయి. నాన్న ఊరందరికీ పుట్టినతేదీలు పంచిపెట్టడం, నా తల వంచి చెవి అందించడం, కోర్టులో జూన్ కూడా ఇచ్చానండి అనడం, అన్నీ ఆయన గొంతుతో, ఆయన లాగే మెడ పక్కకి వంచి చేసి చూపించేవాణ్ణి. జనం కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వేవాళ్లు. చివర్లో నేను నవ్వు ఆపి, “అదే లేకపోతేనా...” అని ఆకాశం వైపు చూసేవాణ్ణి. అక్కడ ఒక్కొక్కరూ మెత్తబడిపోయేవారు. టీ వాళ్లే పోయించేవారు.

తొంభైల్లో రేపల్లె, నిజాంపట్నం వైపు పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. ప్రైవేటు విమాన కంపెనీలు కూడా అప్పుడే వచ్చాయి. చేతిలో పచ్చనోట్లు ఆడుతున్న తండ్రులకి కొడుకుల్ని పైలట్లు చేయాలని పుట్టింది. ఎవరో నా పేరు చెప్పేవారు. వచ్చేవారు. మూడు దారులు చెప్పేవాణ్ణి, రెండు గంటల పది నిమిషాల అనుభవంతో.

అలా ఒక రొయ్యల రైతు కొడుకుని వెంటబెట్టుకుని బాపట్లలో మా ఇంటికొచ్చాడు. నాన్న అప్పటికి రిటైరై, కంటి ఆపరేషను కోసం వచ్చి మా దగ్గరే ఉన్నాడు. కంటి మీద పచ్చగుడ్డతో వరండాలో మూల కుర్చీలో కూర్చున్నాడు.

“అన్నయ్యగారూ, మావాణ్ణి ఎందులో పడెయ్యమంటారు?” అన్నాడు రైతు.

“ముందు పదో తరగతి సర్టిఫికెట్టు తియ్యండి. పుట్టినతేదీ చూడండి,” అని మొదలుపెట్టాను. ఆయనక్కడున్నాడన్న సంగతి నాకు తెలుసు. తెలిసే మొదలుపెట్టాను. అప్పటికది నా నోటికి అన్నం ముద్దలా అలవాటైపోయింది. బడి, చెవి, కోర్టు అన్నీ అయ్యాయి. మెడ వంచడం ఒక్కటి మానేశాను. నలభై గంటలు ఎగిరాక, ఒంటరిగా పంపబోయే ముందురోజు, ఎవడో గుమాస్తా తేదీ పట్టుకున్నాడని ముగించాను.

రైతు నాన్న వైపు తిరిగాడు. “ఏంటి బాబాయిగారూ, నిజమేనా?”

“నిజమేనండి. నా చేత్తో నేనే రాశాను.”

“అయ్యో. కన్నకొడుక్కండీ? కాస్త చూసుకోవద్దూ పెద్దవారు మీరు?”

“చూసుకోవాల్సిందండి,” అన్నాడు నాన్న.

వాళ్లు వెళ్లిపోయాక నేను గ్లాసులు తీస్తున్నాను. నాన్న పిలిచాడు. ఇప్పుడు అంటాడు, ఇన్నాళ్లకి అంటాడు అనుకుని వెళ్లాను. నిజం చెప్తున్నాను, అంటే బాగుండుననే వెళ్లాను.

“నలభై అన్నావేంట్రా? కిందటిసారి ఆ హోమియో డాక్టరుకి పాతికని చెప్పావు. ఏదో ఒక అంకె మీద ఉండు. దొరికిపోతావు.”

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఒంటికన్నులోకి చూశాను. లేదు. పరీక్షకి వెళ్లే పిల్లాడికి పెన్సిలు మర్చిపోకు అని చెప్పినట్టే చెప్పాడు. నేను నలభై మీద ఉండిపోయాను. అప్పట్నుంచి మారలేదు, మీరే చూశారుగా.

ఆయన ఆ తర్వాత అయిదేళ్లు బతికాడు. ఆ అయిదేళ్లలో ఎన్ని రోజులున్నాయో అన్నిసార్లు చెప్పాలనుకున్నాను, అని రాస్తే వినడానికి బాగుంటుంది. అనుకోలేదు. నాకు గుర్తుకూడా లేదు. అబద్ధం నాకు సుఖంగా ఉంది, ఆయన కిక్కురుమనలేదు.

ఆయన పోయిన మరుసటేడు గుడివాళ్లు ఉత్సవాల సంచిక వేశారు. గుడికి సేవ చేసి వెళ్లిపోయినవాళ్ల గురించి తలా అర పేజీ. అప్పటికి నేను తెనాలి వచ్చేశాను, అచ్చేసేది తెనాలిలోనే. ఊళ్లో కంప్యూటర్లు వచ్చినా వాళ్లు పాత ప్రెస్సుకే ఇచ్చారు, సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే ప్రెస్సు. “ప్రూఫులు నువ్వు చూసిపెట్టు పైలట్ బాబూ,” అన్నారు అయ్యగారు. ఎర్ర పెన్సిలు జేబులో వేసుకుని వెళ్లాను.

నాన్న పేజీ అయ్యగారే రాశారు. పుట్టిన ఊరు, చదువు, ఎన్నేళ్లు ఉద్యోగం. తర్వాత ఒక వాక్యం: ముప్పది సంవత్సరములు ఆదివారపు బడి పిల్లలకు పాటలు నేర్పిరి. దాని కింద ఇంకొకటి: వీరి కుమారుడు నలుబది గంటలు విమానము నడిపియు, మాస్టారు పుట్టినతేదీ తప్పుగా వ్రాసిన కారణమున పైలట్ కాజాలకపోయెను, అందులకు మాస్టారు కడదాక చింతించిరి.

అయ్యగారిది తప్పేం కాదు. ఊరందరికీ తెలిసింది రాశారు. నేను చదివాను. ఇంకోసారి చదివాను. నా పేరు లేదు గానీ నేనే. నలభై గంటలు అచ్చులో ఎలా ఉంటాయో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అక్షరాలు పేర్చే ఆయన నాకంటే పెద్దవాడు, వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి. నా భుజం మీంచి వంగి చూశాడు.

“ఈ పేజీ ఒక లైను ఎక్కువొచ్చిందండి. కిందకి జారిపోతంది. ఈ విమానం ముక్క తీసేస్తే సరిపోద్ది. పోయినాయన గురించి ఇదెందుకండి అసలు, పాపం?”

ఎవరో పంపించినట్టు వచ్చి అడిగాడు. నేను ఊఁ అంటే చాలు. ఎర్రగీత కూడా నేను గీయక్కర్లేదు, స్థలం చాలలేదని అయ్యగారికి ఆయనే చెప్పేవాడు.

“అది ఉండాలి,” అన్నాను.

“మరేది తీయమంటారు?”

నేను పెన్సిలుతో పై వాక్యం మీద గీత గీశాను.

“పాటలు నేర్పిందా? అది తీసేయమంటారా?”

“ఊఁ.”

ఆయన నా వైపు ఒకసారి చూసి, వెళ్లి పేజీ కట్టు విప్పాడు. చిమటాతో ఆ లైను అక్షరాలు ఒక్కొక్కటే లాగి, ఏ గడిది ఆ గడిలో పడేశాడు. నేను కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నాను. కింది లైన్లు పైకి జరిపి, కట్టు బిగించి, చేత్తో ఒత్తి చూశాడు.

“సరిపోయిందండి,” అన్నాడు.